ఏ వయసు ఆశ ఆ వయసుదే

రండి, ఇలా మంట దగ్గరికి జరగండి. పత్తికట్టె మంట కదా, భగ్గున లేస్తుంది, చప్పున పడిపోతుంది. మాటల్లో పడి మరిచిపోకుండా ఎవరో ఒకరు నాలుగు పుల్లలు ఎగదోస్తూ ఉండండి. తుళ్లూరులో డిసెంబరు చలికి ఒకప్పుడు ఏ బజారు చివర చూసినా ఇదే మంట, ఇవే కబుర్లు. పత్తి తీత ఎంతవరకు వచ్చింది, మిరప తోటకు మందు ఎన్నోసారి కొట్టారు, గుంటూరు యార్డులో ధర ఏమంటోంది... ఇప్పుడు ఊరి చుట్టూ పత్తి లేదు. కట్టె పొరుగు మండలం నుంచి తెచ్చుకోవాలి. కబుర్లకు మాత్రం కరువు లేదు లెండి.

ఇవాళ్టి కబురు ఆశ గురించి. పొద్దున్నే ఫోను తెరిస్తే గులాబీ పువ్వు బొమ్మ మీద ఒక సూక్తి వచ్చి కూర్చుంది. ఆశకు వయసుతో పని లేదట. పంపినాయన రిటైరైన మేష్టారు, పెద్దమనిషి. కాదనలేక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. మీ దగ్గర మొహమాటం లేదు కనుక చెబుతున్నాను, నాకు ఆ మాట నచ్చలేదు. ఆశకు వయసుతో బోలెడంత పని ఉంది. ఇరవై ఏళ్ళవాడికి అది ఒక పని పురమాయిస్తుంది. నలభై అయిదేళ్ళ ఇల్లాలికి ఇంకో పని. డెబ్బై దాటిన పెద్దాయనకు పూర్తిగా వేరే పని. చెప్పిన పని చేసినన్నాళ్ళూ ఆశ ఇంట్లో ఉంటుంది. మానేస్తే ఉత్త ఎదురుచూపు మిగులుతుంది.

ఇందుకు నేను పుస్తకాలు తిరగెయ్యలేదు. తుళ్లూరులో కాపురం ఉన్నవాడికి పదేళ్ళుగా కళ్ళెదుట జరుగుతున్నదే చెబుతున్నాను.

కథ మీకు తెలిసిందే. అయినా వయసుల వారీగా ఒకసారి చూద్దాం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. హైదరాబాదు పదేళ్ళపాటు ఉమ్మడి రాజధాని అన్నారు. కొత్త రాజధాని కృష్ణ ఒడ్డున, మన దగ్గరే అని తేలేసరికి ఆ ఏడాది చివరికొచ్చింది. రాజధాని ప్రాంత అభివృద్ధికని సీఆర్‌డీఏ చట్టం వచ్చింది, దాని వెనకే భూసమీకరణ. 29 ఊళ్ళు, 34 వేల ఎకరాల దాకా భూమి, ఇచ్చిన రైతులు 28 వేలకు పైనే. అందులో ఎక్కువమంది ఎకరం, రెండెకరాల ఆసాములు. మెట్ట ఎకరం ఇస్తే తిరిగి 1,000 గజాల ఇళ్ళ స్థలం, 250 గజాల వ్యాపార స్థలం. ఏటిపక్క జరీబు ఎకరానికి 1,000 గజాలు, 450 గజాలు. పంట పోయినందుకు పదేళ్ళ కౌలు: మెట్టకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు, దాని మీద ఏటా పది శాతం పెంపు.

ఆ చలికాలం ఏ అరుగు మీద చూసినా ఈ లెక్కే, ఏ ఇంట్లో విన్నా ఈ తగువే. తగువు మాత్రం వయసును బట్టి నడిచింది. కుర్రాళ్ళు సంతకం పెట్టెయ్యమన్నారు. పత్తికి పురుగు, మిరపకు తెగులు, అప్పుకు వడ్డీ, ఈ బతుకు మాకొద్దన్నారు. వాళ్ళ మాట తీసెయ్యడానికి లేదు. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతుల ప్రాణాలు తీసిన సంగతి వాళ్ళు అమ్మమ్మల నోట విని పెరిగారు. నడివయసువాళ్ళు గజం ఎంత పలుకుతుంది, పిల్ల పెళ్ళికి చేతికందుతుందా, బ్యాంకులో కుదువపెట్టిన పాసుపుస్తకం సంగతేమిటి అని ఆలోచించారు. ముసలివాళ్ళ ప్రశ్న ఒక్కటే: రేపు చూడాలనిపిస్తే నా చేను ఎక్కడుంటుంది?

ఆ ప్రశ్నకు ఏ మ్యాపులోనూ జవాబు లేదు. ప్లాట్లు లాటరీలో తేలతాయి. తాత దున్నిన చేను మీద రోడ్డు పోవచ్చు, ఇంకెవరి ఇల్లో లేవచ్చు. ఇది తెలిసీ చాలామంది పెద్దవాళ్ళు సంతకం పెట్టారు. గజం ధర పెరిగితే అనుభవించే వయసు తమది కాదని వాళ్ళకు తెలియకపోలేదు. మనవళ్ళ కాలానికి తమ వేలిముద్ర ఖర్చుపెట్టారు. చూశారా, ఇరవైల్లో మనిషి తన కలకు ఇతరుల సాయం అడుగుతాడు. డెబ్బైల్లో ఇతరుల కలకు తన సాయం ఇస్తాడు. పైకి చూస్తే రెండూ ఆశలే, చేతలు మాత్రం వేరు.

2015 అక్టోబరు 22, విజయదశమి నాడు ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఊరూరి మట్టి, ఊరూరి నీళ్ళు తెచ్చి పోశారు. 2016లో వెలగపూడిలో సచివాలయం లేచింది. 2017 మార్చిలో అక్కడే అసెంబ్లీ కూర్చుంది. 2019లో నేలపాడుకు హైకోర్టు వచ్చింది. ఐనవోలులో, నీరుకొండలో యూనివర్సిటీలు వెలిసేసరికి తుళ్లూరు టీకొట్టు బల్ల మీద హిందీ కూడా వినపడసాగింది. అందరి ఆశలకూ ఒకేసారి చిగుళ్ళు వేసిన రోజులవి. అలాంటి రోజుల్లో ఆశ పెట్టుకోవడం గొప్పేమీ కాదు లెండి.

పరీక్ష 2019 డిసెంబరు 17న మొదలైంది. అప్పటికే ప్రభుత్వం మారింది. మూడు రాజధానుల ఆలోచనను కొత్త ముఖ్యమంత్రి అసెంబ్లీలో బయటపెట్టారు: పాలన విశాఖపట్నం నుంచి, హైకోర్టు కర్నూల్లో, అసెంబ్లీ ఇక్కడ. అభివృద్ధి అంతా ఒక్కచోట పోగెయ్యకూడదని వాళ్ళ వాదన. దాని తప్పొప్పులు తేల్చాలంటే మనకు తెల్లారిపోతుంది, కట్టె కూడా చాలదు. ఇక్కడ జరిగిందేమిటో చూద్దాం. తుళ్లూరు, మందడం, వెలగపూడి, కృష్ణాయపాలెం... ఊరూరా దీక్షా శిబిరాలు లేచాయి. నాలుగున్నరేళ్ళు నడిచాయి. రోజుల్లో చెప్పాలంటే 1,600 దాటాయి.

అన్ని రోజులు ఒక పందిరి కింద మనుషులు ఎలా కూర్చున్నారా అని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు. దగ్గరుండి చూసినవాళ్ళకు కిటుకు అర్థమైంది. అక్కడ ఎవరి వయసుకు తగ్గ పని వాళ్ళకు ఉంది.

మాకు దూరపు చుట్టం ఒక పెద్దమ్మ ఉంది, డెబ్బై అయిదు పైబడ్డావిడ. మోకాళ్ళు మొరాయిస్తాయి. అయినా పొద్దున్నే ఇంటి పనులు ముగించి, ఆకుపచ్చ కండువా మెడలో వేసుకుని, మందుల సంచీ పట్టుకుని శిబిరానికి వచ్చి రాట పక్కన కూర్చునేది. "అక్కడ కూర్చుని ఏం చేస్తావు పెద్దమ్మా?" అని అడిగాను ఒకసారి. "కూర్చోవడమేరా అబ్బాయ్ మా పని. కుర్రాళ్ళు పనులమీద పోతుంటారు, వస్తుంటారు. మేం గనక లేచిపోతే శిబిరం ఎత్తేసినట్టే గదా" అంది. ఇంకేం అడుగుతాను? పని అప్పజెప్పినవాళ్ళెవరూ లేరు, జీతం లేదు, సెలవు లేదు. తన వయసుకు ఆశ ఏం పని చెప్పిందో ఆవిడకు స్పష్టంగా తెలుసు.

నడివయసు ఆడవాళ్ళ పని వేరు. హైకోర్టు వాయిదా ఏ రోజు, వకీలు ఫీజుకు చందా ఎంత తేలింది, మధ్యాహ్నం వంట ఎవరి వంతు, మీద పడ్డ పోలీసు కేసులో ఎవరు ఏ స్టేషనుకు వెళ్ళాలి, ఇదంతా వాళ్ళే మోశారు. పెళ్ళిపందిట్లో కూడా నలుగురి ముందు నోరు విప్పని ఇల్లాళ్ళు మైకు పట్టుకుని జీవోల నంబర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పడం విన్నాను. కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీశారు, చదువులకు పోయినవాళ్ళు సెలవులకు వచ్చి వంతులు తీసుకున్నారు. 2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు శిబిరం ఇళ్ళలోకి మారింది. ఎవరి గడపలో వాళ్ళు కూర్చున్నారు.

2021 నవంబరు 1న తుళ్లూరు నుంచి తిరుపతికి నడక మొదలైంది. న్యాయస్థానం నుంచి దేవస్థానానికి అని పేరు పెట్టారు. ముందు వెంకన్న రథం, వెనక ఆకుపచ్చ కండువాల వరస. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల మీదుగా నెలన్నర నడిచారు. నెల్లూరు జిల్లాలో ఆ ఏడు వానలు ఎలా కొట్టాయో మీకు గుర్తుండే ఉంటుంది. దారి మధ్యలో ఉండగానే, నవంబరు 22న, మూడు రాజధానుల చట్టాలను వెనక్కి తీసుకుంటున్నామని ప్రభుత్వం చెప్పింది. ఆ పూట మిఠాయిలు పంచుకున్నారు. ఇంతకన్నా మెరుగైన బిల్లు తెస్తామని అదే రోజు అసెంబ్లీలో మాట వచ్చింది. మర్నాడు మళ్ళీ నడిచారు.

2022 మార్చి 3న హైకోర్టు ఆరు నెలల్లో రాజధాని కట్టమంది. నవంబరులో ఆ గడువుల మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఈలోగా సెప్టెంబరులో వెంకటపాలెం నుంచి అరసవల్లికి మరో నడక బయల్దేరి రామచంద్రపురంలో ఆగిపోయింది. ఒక గెలుపు, ఒక దెబ్బ, ఒక స్టే... ఇలా ఏళ్ళు దొర్లాయి. కబురు బాగున్న రోజు అందరూ వస్తారు. బాగాలేని రోజు మర్నాడు శిబిరంలో ఎవరెవరున్నారో చూస్తే, ఆశ ఎవరి దగ్గర ఉందో అప్పుడు తెలుస్తుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. చివరికి గెలిచారు కాబట్టి ఇన్ని మాటలు చెబుతున్నావు, ఓడిపోయుంటే ఏం చెప్పేవాడివి అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, శిబిరాలు ఎత్తేశారు. ఊళ్ళ మధ్య ఎదిగిన సర్కారు తుమ్మ కంపను యంత్రాలతో కొట్టించారు. సచివాలయం టవర్లకు, హైకోర్టుకు వేసిన పునాదులు ఏళ్ళ తరబడి నీళ్ళలో నానుతుంటే ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు, నీళ్ళు తోడించారు. 2025 మే 2న వెలగపూడిలో పనులు మళ్ళీ ప్రారంభమయ్యాయి. ఇదంతా నిజమే. కానీ ఆ పందిళ్ళ కింద కూర్చున్న పెద్దవాళ్ళలో కొందరు ఈ రోజు చూడకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళ ఆశ వృథా పోయిందందామా? నా నోటికి ఆ మాట రాదు. వాళ్ళ పని వాళ్ళు పూర్తి చేసి వెళ్ళారు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. కల ఒక్కటే అయినా దాని ఖర్చు అందరి మీదా ఒకేలా పడలేదు. చేను లేని కూలివాళ్ళ సంగతి చూడండి. పత్తి తీతకూ, మిరపకాయ కోతకూ ఊళ్ళోనే పని దొరికేది. భూమి ఇచ్చినవాడికి ప్లాటు, కౌలు. కూలి పోయిన ఇంటికి మొదట్లో నెలకు 2,500 పింఛను. తెల్లవారుజామున సద్దిమూట కట్టుకుని, ఆటోల్లో కిక్కిరిసి దూరపు ఊళ్ళ మిరప చేలకు పోయే ఆడకూలీలను చూస్తే, రాజధాని కలలో వాళ్ళ వాటా ఎన్ని గజాలు అని అడగాలనిపిస్తుంది. వాళ్ళు ఆశ పెట్టుకున్నది తమ పిల్లల చదువు మీద. ఆ ఆశకు శిబిరం లేదు, కండువా లేదు. రోజూ ఆటో ఎక్కడమే దానికి దీక్ష. ఇక ఉండవల్లి, పెనుమాకల్లో భూమి ఇవ్వమని నిలబడిన జరీబు రైతులున్నారు. ఏడాదికి మూడు పంటలు తీసే నేలే వాళ్ళ కల. దాన్ని కాపాడుకోవడానికి వాళ్ళూ కోర్టుల చుట్టూ తిరిగారు.

కర్నూలువాళ్ళ సంగతీ అంతే. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒప్పందంలో రాజధానో హైకోర్టో సీమకు రావాలని పెద్దలు రాసుకున్నారు. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది, 1954లో హైకోర్టు మన గుంటూరుకు వచ్చింది. 1956లో రెండూ హైదరాబాదు బండెక్కాయి. అక్కడి తాతలు మనవళ్ళకు ఆ కాగితం కథ ఇంకా చెబుతూనే ఉన్నారు. మన ఆశ వయసు పదేళ్ళు దాటితే వాళ్ళ ఆశ వయసు ఎనభై దాటింది. మన కల గట్టిగా పట్టుకోవడం ఎంత అవసరమో, అవతలివాడి చేతిలోనూ ఒకటి ఉందని గుర్తుంచుకోవడమూ అంతే అవసరం.

పాత సంగతి వచ్చింది కనుక ఇంకాస్త వెనక్కి పోదాం. 1913 మేలో మన బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్ళకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట ఆ రోజుల్లో ఊపందుకుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. నలభై ఏళ్ళు! బాపట్ల సభలో చప్పట్లు కొట్టిన ఇరవై ఏళ్ళ కుర్రాడు కర్నూలు వేడుక నాటికి షష్టిపూర్తి వయసువాడు. గుంటూరు దేశభక్త కొండా వెంకటప్పయ్య గారినే తీసుకోండి. 1866లో పుట్టారు. 36 ఏళ్ళ వయసులో, 1902లో, బందరులో కృష్ణా పత్రిక మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. బాపట్ల సభ నాటికి 47. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయేనాటికి అరవై దాటాయి. 1949లో కన్నుమూశారు. స్వరాజ్యం చూశారు, ఆంధ్ర రాష్ట్రం చూడలేదు. ఆయన జీవితంలో ఒకే ఆశ ముప్ఫైల్లో పత్రికగా, నలభైల్లో సభగా, అరవైల్లో జైలుగా పని మార్చుకుంటూ వచ్చింది. పని మారింది కాబట్టే అంతకాలం నిలిచిందని నాకనిపిస్తుంది. ముప్ఫైల్లో చేసిన పనినే డెబ్బైల్లో చేద్దామని మొండికేస్తే ఒళ్ళు ఊరుకోదు, ఒంటితో పాటు మనసూ కూలబడుతుంది.

సరిగ్గా బాపట్ల సభ జరిగిన ఏడే, 1913 మార్చిలో, ఆస్ట్రేలియావాళ్ళు తమ కొత్త రాజధానికి కాన్‌బెర్రా అని పేరు పెట్టారు. అక్కడికి పార్లమెంటు వెళ్ళింది 1927లో. నగరం ప్లాను గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ తన నగరం నడిబొడ్డున ఒక చెరువు గీశాడు. చెరువు నిండింది 1964లో. ఆయన 1937లోనే పోయాడు, అదీ ఎక్కడో తెలుసా, మన లక్నోలో. పెద్దవయసులో ఖండాలు దాటి వచ్చి ఇక్కడ కొత్త భవనాలు గీస్తూ ఉన్నాడు. పాత కల ఆగిపోయిందని చెయ్యి ముడుచుకోలేదన్నమాట. ఇప్పుడు ఆ చెరువుకు ఆయన పేరే.

నగరాలూ రాష్ట్రాలూ పెద్ద మాటలు, మన చుట్టుపక్కల చేల సంగతి చెప్పమంటారా? సరే. 2021 చివర్లో మిరప పూతలో నల్ల తామరపురుగు దిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తోటలకు తోటలే ముడుచుకుపోయాయి. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. కొందరు తోట దున్నేసి మొక్కజొన్న వేశారు, కొందరు శనగ చల్లారు. మరుసటి ఏడు మళ్ళీ మిరప నారు పోశారు. పిచ్చా అంటే పిచ్చే. కానీ గమనించండి, మధ్యలో నేలను ఖాళీగా ఉంచలేదు. పెద్ద ఆశ దెబ్బతిన్న ఏడు చిన్న పంట వేసుకున్నారు, చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి, పెద్ద ఆశకు మళ్ళీ పెట్టుబడి వచ్చింది. ఆశ అనేది పాడిగేదె లాంటిది. ఒట్టిపోయిందని మేత మానేస్తే ఈనే రోజుకు గేదే ఉండదు.

మీలో కొందరికి ఉద్యోగం అయిపోయి ఉంటుంది. పిల్లలు డాలస్‌లోనో బెంగుళూరులోనో ఉంటారు. ఇక నాకు కలలేమిటి అని సోఫాలో వెనక్కి వాలతారు. నేనడిగేది, ముప్ఫైల్లో చూసిన కల ఏమైంది? ఊరి బడికి గ్రంథాలయం పెట్టాలనుకున్నారా? ఇప్పుడు నిచ్చెనెక్కి అల్మారాలు బిగించనక్కర్లేదు. వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటే చాలు, పిల్లలు పుస్తకాలు తీస్తారు. హార్మోనియం నేర్చుకోవాలనుకున్నారా? కచేరీ ఆశ వదిలెయ్యండి, మనవరాలి పక్కన శ్రుతి పట్టండి. నడివయసువాళ్ళ ఇబ్బంది వేరు. అమ్మానాన్నల ఆస్పత్రి, పిల్లల ఫీజు, రెండు తరాల కలలకూ బిల్లులు కట్టేది వాళ్ళే. తమ కల అల్మారా పైఅరలో ఉంటుంది. కిందికి దించమని నేను అనను గానీ, నెలకోసారి దుమ్మన్నా దులపండి. ఇరవైలవాళ్ళకు చెప్పేది ఒకటే. మీ కలకు ముసలివాళ్ళను పిలవండి. ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవాల్సిన అవసరం తప్పకుండా వస్తుంది, ఆ పని మీకు చేతకాదు.

అందుకని ఇకమీదట ఈ మంట దగ్గర ఒక పద్ధతి పెట్టుకుందాం. నీ కల ఏమిటని ఎవరినీ అడగొద్దు, దానికి అందరి దగ్గరా అందమైన జవాబు ఉంటుంది. ఈ వారం దానికోసం ఏ గడప ఎక్కావు, ఎవరితో మాట్లాడావు, చేతిలోంచి ఎంత పోయింది, ఇవి అడుగుదాం. జవాబు లేకపోతే తిట్టొద్దు. వయసు చూసి ఒక పని అప్పజెప్పి, వచ్చే వారం మళ్ళీ అడుగుదాం. ఏం, మొదలెడదామా? డెబ్బై దాటినవాళ్ళు ముందు చెప్పండి. కుర్రాళ్ళ వంతు కాస్త ఆలస్యమైనా వాళ్ళకు పోయేదేం లేదు.